కార్టూనే కదా అని మధ్యలోంచి చూస్తే

టామ్ అండ్ జెర్రీని ఎక్కడ మొదలుపెట్టినా ఏమీ పోదు. పిల్లి తరుముతుంది, ఎలుక తప్పించుకుంటుంది, ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. పాశ్చాత్య కార్టూన్ అనగానే చాలామందికి ఇప్పటికీ గుర్తొచ్చేది అదే. అందుకే అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్ లాంటి సిరీస్‌ని కూడా రెండో సీజన్ మధ్యలో ఓ ఎపిసోడ్ చూసేసి, "బానే ఉంది, పిల్లలది" అని వదిలేస్తుంటారు. గత ఇరవై ఏళ్లలో పిల్లల కోసం వచ్చిన మంచి సిరీస్‌లలో చాలావాటిని మొదటి నుంచి చివరిదాకా ఒకే కథగా అల్లారు. ఏ వరుసలో చూస్తున్నాం, రోజుకి ఎన్ని చూస్తున్నాం, టీవీలో ఏ సెట్టింగ్ పెట్టాం అన్నదాన్ని బట్టి వాటిలో కొంత అందుతుంది, కొంత జారిపోతుంది. బాగా నచ్చిన కొన్నింటిని పట్టుకుని ఆ సంగతులే రాస్తున్నాను. మలుపులు మాత్రం బయటపెట్టను.

ముందు టీవీ. ఇది తేడాగా ఉంటే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా లాభం లేదు.

సినిమాలాగే కార్టూన్ కూడా సెకనుకు 24 ఫ్రేములు ఆడుతుంది. కానీ ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ గీయరు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడతారు. యానిమేటర్లు దీన్ని "ఆన్ టూస్" అంటారు. అంటే సెకనుకు 12 బొమ్మలు. పాత్ర ఊరికే నిలబడి మాట్లాడుతుంటే ఒళ్లంతా ఒకే బొమ్మ, నోరొక్కటే మారుతుంది. అదే గట్టి దెబ్బ పడేచోట చెయ్యిని రబ్బరులా సాగదీసి, వేళ్లన్నీ అతుక్కుపోయినట్టు ఓ వికారపు బొమ్మని ఒకటి రెండు ఫ్రేముల కోసం గీస్తారు. దాని పేరు స్మియర్. ఆపి చూస్తే నవ్వొస్తుంది, ఆడుతుంటే మాత్రం కంటికి వేగంలా తోస్తుంది. కొత్త టీవీల్లో చాలావాటికి కొన్ననాటి నుంచే మోషన్ స్మూదింగ్ ఆన్‌లో ఉంటుంది. అది రెండు బొమ్మల మధ్య తనే ఇంకొన్నిటిని ఊహించి ఇరికిస్తుంది. మనుషులతో తీసిన దృశ్యంలో దాని ఊహ కొంతవరకు కుదురుతుంది. గీసిన బొమ్మకి కుదరదు. స్మియర్‌ని అసలు వస్తువనుకుని దాన్ని ఇంకా సాగదీస్తుంది, గీతల అంచులు జావలా కరిగి వణుకుతాయి, దెబ్బలో ఊపు పోతుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అని ఉంటుంది. పిక్చర్ మెనూలోకి వెళ్లి ఆపెయ్యండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీ అయితే అది పెడితే చాలు, దీన్ని అదే ఆపేస్తుంది.

రెండోది ఆకారం. 1990లలో వచ్చినవీ, 2000ల మొదట్లో వచ్చినవాటిలో చాలా భాగమూ 4:3 చట్రంలో గీసినవి. అటూ ఇటూ నల్లపట్టీలు రావడమే న్యాయం. ఆ పట్టీలు చూడలేక జూమ్ పెడితే బొమ్మ ఎత్తులో సరిగ్గా పావు వంతు తెగిపోతుంది, సాధారణంగా పోయేది తలల పైభాగం, పాదాలు. పాదాలు పోతే అవతార్‌లో ఎంత నష్టమో కాసేపట్లో చెప్తాను. స్ట్రెచ్ పెడితే ఇంకా ఘోరం, అందరూ మూడో వంతు లావెక్కుతారు.

డైనమిక్ కాంట్రాస్ట్ అనే మూడో సెట్టింగ్ బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్‌ని పాడుచేసినంతగా మరి దేన్నీ పాడుచెయ్యదు. 1992లో మొదలైన ఈ సిరీస్‌కి నేపథ్య చిత్రాలు నల్ల కాగితం మీద వేశారు. మామూలుగా తెల్ల కాగితం మీద రంగులు వేసి, రాత్రి కావలసినచోట చీకటి పులుముతారు. ఇక్కడ చీకటి ముందే ఉంది. చిత్రకారుడు కిటికీలో దీపం, గోడ మీద పడ్డ వెలుగు చీలిక, భవనం అంచు ఇలా వెలుగుని మాత్రమే వేశాడు. అందుకే గోథమ్ నగరంలో పగలు కూడా పూర్తిగా తెల్లారినట్టుండదు. కాంట్రాస్ట్ తనంతట తానే మారే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆ ముదురు నీలాలు, ఊదాలు అన్నీ కలిసి ఒకే నల్లముద్ద అవుతాయి. దాన్ని ఆపి, గదిలో లైట్లు తగ్గించి చూడండి.

బ్యాట్‌మన్‌కి వరుస చిక్కు కూడా ఉంది. తయారైన క్రమంలో మొదటిది 'ఆన్ లెదర్ వింగ్స్'. ప్రసారంలో మాత్రం 1992 సెప్టెంబర్ 5న 'ద క్యాట్ అండ్ ద క్లా' మొదటి భాగం ముందొచ్చింది, దాని రెండో భాగం వారానికి గానీ రాలేదు. ప్రసార క్రమం పట్టుకుంటే ఇలా ముక్కలుగా అందుతుంది కాబట్టి తయారీ క్రమమే మేలు. అయినా ఇందులో చాలావరకు విడి కథలే. మొత్తం 85. ఒక్కటే చూసి తేల్చుకోవాలంటే 'హార్ట్ ఆఫ్ ఐస్' చూడండి. పాల్ డీనీ రాశాడు, బ్రూస్ టిమ్ దర్శకుడు. అంతవరకు మంచు తుపాకీ పట్టుకుని తిరిగే మామూలు దొంగ మిస్టర్ ఫ్రీజ్. ఈ ఒక్క ఎపిసోడ్‌తో జబ్బుపడిన భార్య కోసం రగిలిపోయే మనిషయ్యాడు. తర్వాత కామిక్స్ కూడా ఈ కథనే తమది చేసుకున్నాయి. బొమ్మ నాణ్యత ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మారుతుందని గమనిస్తే కంగారుపడకండి. గీసే పనిని వేర్వేరు స్టూడియోలకి పంచారు. జపాన్‌లోని టీఎమ్ఎస్ చేసిన 'ఫీట్ ఆఫ్ క్లే' రెండో భాగంలో మట్టిమనిషి రూపాలు మారే ఘట్టం చూస్తే మంచి స్టూడియో చేతిలో పడితే ఏమవుతుందో తెలుస్తుంది.

ఇక అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్. 2005 ఫిబ్రవరి నుంచి 2008 జులై దాకా నికలోడియన్‌లో వచ్చింది. 61 ఎపిసోడ్లు, సీజన్ అనకుండా పుస్తకం అంటారు. నీరు 20, నేల 20, నిప్పు 21. ఒక్కోటి సుమారు 23 నిమిషాలు, మొత్తం ఇరవై మూడు గంటల పైచిలుకు. ఇక్కడ ప్రసార వరుసే అసలు వరుస, ఒక్కటీ ఇటూ అటూ చెయ్యొద్దు.

మొదటి పుస్తకం తొలి సగం చిన్నపిల్లల షోలా ఉందని కొందరు అక్కడే ఆపేస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 'ద గ్రేట్ డివైడ్' అనే 11వ ఎపిసోడ్ నీరసంగా ఉంటుంది, మూడో పుస్తకంలో సిరీస్ తనే దాని మీద జోకేసుకుంటుంది. అది దాటేసినా కథ ఏమీ తెగదు. కానీ 12వది, 'ద స్టార్మ్', దాటేస్తే మాత్రం మిగతా సిరీస్ సగమే అర్థమవుతుంది. కథానాయకుడైన గాలిబిడ్డ ఆంగ్ ఎందుకు పారిపోయాడో, వాణ్ణి తరిమే నిప్పురాజ్యపు రాకుమారుడు జూకో ముఖం మీద ఆ మచ్చ ఎక్కడిదో పక్కపక్కనే చెప్పేది అందులోనే. ఆగిపోవాలనుకునేవాళ్లు అక్కడిదాకా చూసి ఆగండి.

బెండింగ్ అంటే నీరు, నేల, నిప్పు, గాలిని ఒంటి కదలికలతో ఆడించే విద్య. ఈ నాలుగు బెండింగ్‌లకీ నాలుగు నిజమైన చైనా యుద్ధకళలున్నాయి. నీటికి తాయ్ చీ, నేలకి హుంగ్ గార్, నిప్పుకి ఉత్తర షావోలిన్, గాలికి బాగువా. కిసు అనే యుద్ధకళల గురువు కదలికలు చేసి చూపిస్తే వాటిని చూసి గీశారు. దీన్ని పట్టుకోవాలంటే చేతుల మెరుపులు వదిలేసి పాదాలు చూడండి. గాలివాళ్లు వలయంలో తిరుగుతుంటారు, ఎదురు నిలబడరు. నీళ్లవాళ్ల బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి ఆగకుండా జరుగుతుంటుంది. నేలవాళ్లు మడమ పాతి, మోకాళ్లు వంచి, వేరుదన్నినట్టు నిలబడతారు. రెండో పుస్తకంలో వచ్చే టోఫ్ శైలి మిగతా నేలవాళ్లది కాదు. ఆమెకి దక్షిణ ప్రేయింగ్ మాంటిస్ పెట్టారు. పొట్టి అడుగులు, దగ్గరి దెబ్బలు. కళ్లు లేని పిల్ల అరికాళ్లతో నేలని వింటుంది కాబట్టి అడుగు తేలిగ్గా, పట్టి పట్టి పడాలి. జూమ్ పెడితే తెగిపోయేది ఇదే.

'బిట్టర్ వర్క్' అని రెండో పుస్తకంలో తొమ్మిదోది ఉంది, ఈ సిరీస్ పనితనమంతా అందులో కనిపిస్తుంది. టోఫ్ ఆంగ్‌కి నేలవిద్య నేర్పుతుంటుంది. వాడికి ఒక్క రాయి కదలదు. కారణం బలం లేక కాదు. గాలిబిడ్డ కదా, ఏ అడ్డం వచ్చినా పక్కనుంచి దారి వెతుక్కోవడమే వాడికి తెలుసు. వాలు మీంచి బండ దొర్లిస్తే ఎదురు నిలవకుండా ఎగిరి తప్పుకుంటాడు. అదే సమయంలో ఇంకోచోట ఐరో తన తమ్ముడి కొడుకు జూకోకి పిడుగుని దారి మళ్లించడం నేర్పుతాడు. వేలికొసల్లోంచి లోపలికి, చెయ్యి మీదుగా భుజానికి, అక్కణ్ణించి కిందికి పొట్టలోకి, మళ్లీ పైకి, రెండో చేతిలోంచి బయటికి. గుండెకి తగిలితే ప్రాణం పోతుంది, అందుకే పొట్టలోకి దించడం. ఈ విద్య నిప్పువాళ్లది కాదు, నీళ్లవాళ్లని చూసి ఐరో కనిపెట్టింది. ఒక శిష్యుడు తన స్వభావానికి అడ్డంగా నిలబడడం నేర్చుకుంటుంటే, ఇంకొకడు శత్రువు విద్యలోంచి తీసుకుంటున్నాడు. ఈ చేతి కదలిక గుర్తుపెట్టుకోండి. మూడో పుస్తకంలో ఒకటికి రెండుసార్లు ప్రాణాల మీదకొచ్చినప్పుడు అదే కదలిక, ఒక్క మాట వివరణ లేకుండా తిరిగొస్తుంది. మధ్యలోంచి చూసేవాడికి అది ఏదో విన్యాసం, అంతే.

ఐరో గొంతు గురించి ఒక మాట. మొదటి రెండు పుస్తకాలకీ మాకో అనే నటుడు చెప్పాడు. 2006 జులైలో ఆయన పోయారు. రెండో పుస్తకంలోని 'టేల్స్ ఆఫ్ బా సింగ్ సే'లో ఐరో భాగాన్ని ఆయనకే అంకితమిచ్చారు. మూడో పుస్తకం నుంచి గ్రెగ్ బాల్డ్విన్ చెప్పాడు. డబ్బింగ్‌లో ఇవేవీ తెలియవు. అసలు డబ్బింగ్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. కార్టూన్‌లో మాటలు ముందు రికార్డు చేసి, ఆ తర్వాత నోళ్లు గీస్తారు. ప, బ, మ దగ్గర పెదాలు మూసుకుని తీరాలి. వేరే భాషలో ఆ అక్షరాలు అక్కడ పడవు, అప్పుడు రాసేవాళ్లు అర్థం వదులుకుని పెదాలకి సరిపోయే మాట వెతుకుతారు. చదవగలిగే వయసొచ్చిన పిల్లలకి సబ్‌టైటిల్స్ పెట్టడమే మంచిది.

గ్రావిటీ ఫాల్స్ ఇంకో రకం. అలెక్స్ హర్ష్ సృష్టి, డిస్నీ చానల్‌లో, తర్వాత డిస్నీ ఎక్స్‌డీలో, 2012 నుంచి 2016 దాకా 40 ఎపిసోడ్లు. వేసవి సెలవులకి తాతగారి సోదరుడి దగ్గరికొచ్చిన పన్నెండేళ్ల కవలలు, అడవి పక్క ఊరు, అన్నీ వింతలే. దీన్ని చూసేటప్పుడు పక్కన కాగితం, పెన్సిలు ఉండాలి. ప్రతి ఎపిసోడ్ చివర పేర్లు పడేటప్పుడు ఒక సంకేత వాక్యం వస్తుంది. తర్వాతి ఎపిసోడ్ తనంతట తానే మొదలయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అది కనిపించే లోపే మాయం. ఆటోప్లే ఆపెయ్యండి.

మొదటి ఆరు ఎపిసోడ్లకి సీజర్ సంకేతం. ప్రతి అక్షరాన్నీ మూడు వెనక్కి జరపాలి. ఆ సంగతి కూడా వాళ్లే చెప్పారు. టైటిల్ సంగీతం చివర ఓ గుసగుస వినిపిస్తుంది, దాన్ని వెనక్కి తిప్పి వింటే "మూడక్షరాలు వెనక్కి" అని ఇంగ్లీషులో అంటారు. మొట్టమొదటి వాక్యంలో తొలి మాట జెడ్, హెచ్, ఓ, ఎఫ్, ఆర్, పి, హెచ్. జెడ్ నుంచి మూడు వెనక్కి వెళ్తే డబ్ల్యూ, హెచ్ నుంచి ఈ, ఓ నుంచి ఎల్, ఎఫ్ నుంచి సి, ఆర్ నుంచి ఓ, పి నుంచి ఎమ్, మళ్లీ హెచ్ నుంచి ఈ. వెల్‌కమ్. పిల్లలు తప్పు చేసేది ఎ, బి, సిల దగ్గర. బి నుంచి మూడు వెనక్కి అంటే ఎ, తర్వాత చుట్టుతిరిగి జెడ్, వై. అంటే వై.

ఏడు నుంచి పదమూడు దాకా అట్‌బాష్. అక్షరమాల తిరగేయడమే, ఎ అంటే జెడ్, బి అంటే వై. పద్నాలుగు నుంచి పంతొమ్మిది దాకా అంకెలు, 1 అంటే ఎ, 26 అంటే జెడ్. ఇరవయ్యోదానికి మూడూ కలిపేశారు, అక్కడే చాలామంది బోర్లాపడతారు. వరుస ముఖ్యం. ముందు అంకెని అక్షరం చెయ్యాలి, తర్వాత తిరగెయ్యాలి, చివర మూడు వెనక్కి. తొలి మాట 5, 19, 23, 6, 21, 16. 5 అంటే ఈ, తిరగేస్తే వి, మూడు వెనక్కి ఎస్. 19 అంటే ఎస్, తిరగేస్తే హెచ్, మూడు వెనక్కి ఈ. అలా పోతే సెర్చ్ అన్న మాట వస్తుంది. ముందు మూడు వెనక్కి జరిపి తర్వాత తిరగేస్తే ఎస్ బదులు వై వస్తుంది. ప్రతి అక్షరమూ సరిగ్గా ఆరు స్థానాలు తప్పిపోయి మాట గజిబిజి అవుతుంది. అంతా ఆరు తేడాతో వస్తోందంటే తప్పు వరుసలోనే ఉంది, లెక్కలో కాదు.

రెండో సీజన్‌కి విజినేర్ సంకేతం. ఒక తాళపు మాట కావాలి, అది ఆ ఎపిసోడ్‌లోనే ఎక్కడో ఓ గోడ మీదో, కాగితం మీదో ఒక్క క్షణం కనిపిస్తుంది. వాక్యం కింద ఆ మాటని మళ్లీ మళ్లీ రాసుకుంటూ పోయి, కింది అక్షరం ఎంతైతే అంత వెనక్కి జరపాలి. ఎ అంటే సున్నా, ఒకటి కాదు. ఖాళీల కింద తాళపు అక్షరం ఖర్చు చెయ్యకూడదు. ఈ రెండూ పాటిస్తే చాలు. ఇంటర్నెట్‌లో జవాబులు ఎప్పుడో పెట్టేశారు, కానీ రెండో సీజన్ 11వ ఎపిసోడ్ దాటకముందు అటువైపు వెళ్లొద్దు. పాత్రల పేర్లు వెతికినా సరే, మొదటి వాక్యంలోనే కథ చెప్పేస్తారు.

పదకొండు నిమిషాల ఎపిసోడ్లది వేరే లెక్క. అడ్వెంచర్ టైమ్ (2010 నుంచి 2018, 283 ఎపిసోడ్లు) లాంటివాటికి ముందే రాసిన పూర్తి స్క్రిప్ట్ ఉండదు. రెండు మూడు పేజీల కథ చేతికిస్తే స్టోరీబోర్డ్ (కథని వరుస బొమ్మలుగా వేసుకునే నమూనా) గీసేవాళ్లు ఇద్దరు బొమ్మలతో పాటే మాటలూ రాస్తారు. అందువల్ల ఒక ఎపిసోడ్ పిచ్చి నవ్వు, ఇంకోటి గొంతులో అడ్డుపడే బాధ. నచ్చిన ఎపిసోడ్ దగ్గర ఆపి బోర్డ్ వేసినవాళ్ల పేర్లు చూసుకోండి, అవే పేర్లున్న మిగతావీ నచ్చే అవకాశం ఎక్కువ. 'ఐ రిమెంబర్ యూ' వేసిన ఇద్దరిలో ఒకరు రెబెకా షుగర్. ఆమే తర్వాత 2013లో స్టీవెన్ యూనివర్స్ మొదలుపెట్టారు. ఇది మొదటి ఇరవై నాలుగు ఎపిసోడ్లూ సరదాగా, ఏమీ జరగనట్టు నడుస్తుంది. కారణం, దాదాపు మొత్తం సిరీస్‌లో స్టీవెన్ ఉన్నచోటు, వాడు చూసినదే మనకీ చూపిస్తారు. వాడికి తెలియంది మనకీ తెలియదు. 'మిర్రర్ జెమ్', 'ఓషన్ జెమ్' జంట వచ్చేదాకా ఓపిక పట్టాలి. 'సే అంకుల్' ఒకటి వేరే కార్టూన్‌తో కలిపి సరదాకి చేసింది, కథలో భాగం కాదు, తీసేయొచ్చు.

అంత సమయం లేదంటే ఓవర్ ద గార్డెన్ వాల్. పది ఎపిసోడ్లు, మొత్తం కలిపి రెండు గంటల లోపే. 2014 నవంబర్‌లో అయిదు రాత్రులు, రాత్రికి రెండేసి వేశారు. అలాగే చూడండి. ఒకే ఊపులో చూస్తే శరదృతువు మెల్లగా చలికాలంలోకి జారడం తెలియదు. నెత్తి మీద టీ పాత్ర బోర్లించుకున్న చిన్నాడు తన కప్పకి మాటిమాటికీ కొత్త పేరు పెడుతుంటే నవ్వుకుని వదిలేస్తాం. మొదటి ఎపిసోడ్ ఆరంభంలో పియానో వెంట వచ్చే చిన్న చిన్న దృశ్యాలని మాత్రం అంతా అయ్యాక మళ్లీ ఒకసారి చూడాలి. ఆ ఒక్క నిమిషంలో ఎన్ని కథల కొసలున్నాయో రెండోసారి గానీ కనపడదు.

బాగా చిన్నపిల్లలకైతే బ్లూయీ. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లూడో స్టూడియో చేస్తుంది, 2018లో మొదలైంది, ఒక్కోటి ఏడు నిమిషాలు. పిల్ల కుక్కల గొంతులు చెప్పింది అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలు, వాళ్ల పేర్లు తెర మీద వెయ్యరు. ఏది ముందు చూసినా ఫరవాలేదు. సంగీతం జోఫ్ బుష్ బృందానిది, 'స్లీపీటైమ్'లో హోల్స్ట్ అనే స్వరకర్త గ్రహాల మీద చేసిన కూర్పులోంచి బృహస్పతి భాగాన్ని తీసుకుని నిద్రపోతున్న చిన్నపిల్ల కలకి జోడించారు. టీవీ స్పీకర్ కన్నా కాస్త మంచి స్పీకర్‌లో వినండి. మాట రాని పసివాళ్లుంటే 'రెయిన్', అందులో మాటలు దాదాపు లేవు. మాటలే అక్కర్లేదనుకుంటే షాన్ ద షీప్ మొత్తం అంతే, గొర్రెలూ రైతూ అందరూ గొణుగుళ్లే, ఏ భాషవాళ్లకైనా ఒకటే. బ్లూయీలో వరుస చూసుకోవలసింది ఒక్కచోట. 28 నిమిషాల 'ద సైన్' ముందు పెట్టొద్దు. దానికి ముందుది 'గోస్ట్‌బాస్కెట్', రెండూ వెంటవెంటనే చూడాలి, అదీ మిగతావాటిలో చాలా భాగం అయ్యాక. లేకపోతే గుమ్మం ముందు అమ్మకానికి బోర్డెందుకు పాతారో, అది చూసి పెద్దవాళ్లు ఎందుకు కళ్లు తుడుచుకుంటున్నారో పక్కన కూర్చున్న నాలుగేళ్ల పిల్లకి మీరే చెప్పాల్సొస్తుంది.